బడి గంటకు పోయిన గొంతు: నాలుగు, ఐదు తరగతుల ప్రాజెక్టు డైరీ

జనవరి 20

మా బడి గంట నిజానికి గంట కాదు, అడుగు పొడవున్న రైలు పట్టా ముక్క. ఎవరు తెచ్చారో, ఎప్పుడు తెచ్చారో ఊళ్లో ఒక్కొక్కరు ఒక్కో మాట చెబుతారు. హనుమకొండ నుంచి ములుగు పోయే రోడ్డు మీద దిగి లోపలికి నడిచొస్తుంటే ఒకప్పుడు దాని మోత నాకు చెరువు కట్ట దగ్గరికే వినిపించేది.

డిసెంబరులో దాని కొండీ తుప్పు పట్టి ఊడింది. ఆ సమయానికి కింద పిల్లలెవరూ లేరు, అదృష్టం. భయపడి నేనే దగ్గరుండి వరండా స్తంభానికి ఆనించి, బైండింగ్ వైరుతో రెండు చోట్ల బిగించి కట్టించాను. కదలకూడదు, పడకూడదు, అంతే నాకు కావలసింది. పడలేదు. కానీ మోగడం కూడా మానేసింది. కొడితే ఇదివరకు "ఠంగ్" అనేది, ఇప్పుడు "డబ్" అంటోంది. అన్నం తిని చింతచెట్ల కిందికి ఆడుకోవడానికి పోయిన పిల్లలు రెండో పూట ఆలస్యంగా వస్తున్నారు. "బెల్లు ఇనవడలే టీచర్" అంటే సాకు అనుకుని ఇద్దరిని నిలబెట్టాను కూడా.

ఈరోజు ఐదో తరగతి పిల్ల ఒకతి అడిగింది: "గంటకు గొంతు పోయింది టీచర్. సర్ది అయిందా?"

అందరూ నవ్వారు. నాకు మాత్రం ప్రాజెక్టు దొరికింది. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం. 1928లో సి.వి. రామన్ కాంతి మీద తన ఆవిష్కరణ చేసిన రోజు అది. ప్రతి ఏడూ ఆ రోజు చార్టుల మీద అగ్నిపర్వతం, సౌర కుటుంబం వేసి గోడకు అంటిస్తాం. ఈసారి చార్టులు వద్దు. గంటకు గొంతు ఎందుకు పోయిందో కనుక్కుని, దాన్ని బాగుచేయాలి. ఉన్నది పందొమ్మిది మంది పిల్లలు, చేతిలో అయిదున్నర వారాలు. తలలు, వీపులు తప్ప ఏది కొట్టినా పరవాలేదని నియమం పెట్టాను.

జనవరి 21

ఇంటి నుంచి తలా రెండు వస్తువులు తెమ్మంటే బల్ల నిండిపోయింది. పాత చెప్పు, స్టీలు గ్లాసు, ఇత్తడి చెంబు, కొబ్బరి చిప్ప, ఇంటి పెంకు, గోటీలు (గాజు గోళీలు), సైకిల్ బెల్లు మూత, తాళంచెవుల గుత్తి. ఒకడు ఉల్లిగడ్డ తెచ్చాడు. ఎందుకంటే సమాధానం లేదు, అయినా దాన్నీ కొట్టాం.

మొదట అన్నిటినీ ఒకే వేపపుల్లతో కొట్టమన్నాను. అలాగైతే పోల్చడం సులువని నా లెక్క. నాలుగో తరగతి పిల్లవాడు వెంటనే పట్టుకున్నాడు: "పుల్ల సప్పుడు గూడ కలుస్తుంది కదా టీచర్?" నిజమే. శబ్దం పుట్టాలంటే రెండు వస్తువులు తగలాలి, వినిపించేది ఆ రెండింటిదీ. చెంబును పుల్లతో కొడితే ఒకలా, చెంచాతో కొడితే ఇంకోలా ఉంది. చెప్పుతో కొడితే చెంబు సగం మూగబోయింది. మెత్తటిది తగిలినప్పుడు దెబ్బ నెమ్మదిగా పడుతుంది, గట్టిది తగిలితే చురుక్కున పడుతుంది. చురుకు దెబ్బకే సన్నటి మోత లేస్తుంది.

తర్వాత జరిగింది నేను ముందు అనుకున్నది కాదు. ఏ వస్తువు ఎలా మోగిందో రాయమంటే పిల్లలు వాక్యాలు రాయలేదు, చప్పుళ్లే రాశారు. టక్, ఠప్, దబ్, చట్, ఠంగ్, ఖంగ్, ట్రింగ్, గణగణ, గల్లు గల్లు. బోర్డు మీద రెండు వరుసల్లో ఎక్కించాం. మోత కాసేపు నిలిచేవి ఒక వైపు, వెంటనే ఆగిపోయేవి ఇంకో వైపు. చూస్తే ఆగిపోయే చప్పుళ్లన్నీ క్, ప్, బ్, ట్‌తో ముగిశాయి. నిలిచేవాటిలో ఎక్కడో ఒక సున్నో, ణ-నో, ల-నో ఉంది. "ఠంగ్" అని నోటితో సాగదీయండి అన్నాను. ఠంంంంగ్ అంటూ తరగతి అంతా తేనెతుట్టె అయింది. ఇప్పుడు "టక్"ను సాగదీయండి అంటే ఎవరివల్లా కాలేదు. క్ దగ్గర గొంతు మూసుకుపోతుంది, సున్న దగ్గర ముక్కులోంచి గాలి పోతూనే ఉంటుంది. ఈ మాటలు ఎవరు పుట్టించారో గాని, చెవి పెట్టి విన్నవాళ్లే పుట్టించి ఉంటారు.

ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి చూశాం. అన్నం తినే స్టీలు ప్లేటును మూడు వేళ్ల కొనల మీద నిలబెట్టి చెంచాతో కొడితే మోత నాలుగు సెకన్ల దాకా వినిపించింది. అదే ప్లేటు బల్ల మీద ఉంటే ఒక్క సెకను కూడా లేదు. చెప్పుకైతే వాచీ నొక్కే లోపే అయిపోయింది.

జనవరి 23

ఈరోజు పాఠం సులువే అనుకుని వచ్చాను. దెబ్బ తగిలితే వస్తువు వణుకుతుంది. ఆ వణుకు పక్కనున్న గాలిని నెడుతుంది, లాగుతుంది, మళ్లీ నెడుతుంది. ఆ నెట్టుడు చెవిదాకా వస్తే అది శబ్దం. గొంతు మీద వేళ్లు పెట్టుకుని "అమ్మా" అనమన్నాను, అందరికీ వణుకు తగిలింది. మోగుతున్న ప్లేటు అంచును వేలితో తాకితే ముందు వేలికి జివ్వుమంది, తర్వాత మోత చచ్చిపోయింది.

వణుకును కళ్లకు చూపిద్దామని ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీశాను. ఫలితం సున్నా. నా ఫోన్ సెకనుకు 240 బొమ్మలు తీస్తుంది, ప్లేటు అంతకంటే ఎక్కువసార్లే వణుకుతున్నట్టుంది. అంచు కొంచెం మసకగా కనిపించింది, అంతే. అరగంట వృథా. వంటామె చూసి "నీళ్లు పోసి కొట్టుండ్రి" అంది. ప్లేటులో పలచగా నీళ్లు పోసి అంచు మీద కొడితే నీటి మీద సన్నటి ముడతలు లేచి, మోతతో పాటే సద్దుమణిగాయి. ఫోన్ చేయలేని పని గుక్కెడు నీళ్లు చేశాయి.

తర్వాత గంటె. పెద్ద స్టీలు గంటె కొక్కానికి దారం మధ్యభాగం కట్టి, దారం రెండు కొనలూ రెండు చూపుడు వేళ్లకు చుట్టుకుని, ఆ వేళ్లు చెవుల్లో పెట్టుకుని ముందుకు వంగాలి. ఇంకొకరు గంటెను చెంచాతో కొట్టాలి. చుట్టూ ఉన్నవాళ్లకు చిన్న "టింగ్" మాత్రమే వినిపిస్తుంది. వేళ్లు చెవిలో పెట్టుకున్న పిల్ల కళ్లు మాత్రం ఇంతింతయ్యాయి. "వేయి స్తంభాల గుడిల గంట లెక్కనే ఉంది టీచర్!" గంటె సన్నది, చుట్టూ ఉన్న గాలిని పెద్దగా కదిలించలేదు. దారం మాత్రం ఆ వణుకును చెదరనివ్వకుండా నేరుగా చెవికి మోసుకొచ్చింది. గంటె గంట అయిందని మిగిలిన పూటంతా అదే పాట. వరుసలో నిలబెట్టినా తోసుకున్నారు.

జనవరి 27

దెబ్బ తిన్నాను. గోటీల పిల్లవాడు (జేబు నిండా అవే ఉంటాయి, అందుకే ఆ పేరు) లేచి, "టీచర్, గోటీ వణుకుతలేదు కదా. మరి టక్కుమని ఎట్లంటది?" అన్నాడు.

వణుకుతుంది, మనకు తెలియదంతే అన్నాను. వాడు ఒప్పుకోలేదు. "ప్లేటును పట్టుకుంటె సప్పుడు ఆగింది. గోటీని గట్టిగ పట్టుకోని కొట్టినా టక్కుమనే అంటుంది. సూడుండ్రి." రెండు గోటీలనూ రెండు చేతుల వేళ్లతో బిగించి పట్టుకుని కొట్టి చూపించాడు. టక్. వదిలేసి కొట్టాడు. అదే టక్. వాడి ప్రయోగంలో తప్పు లేదు. తప్పంతా మొన్న నేను చెప్పిన పాఠంలోనే ఉండాలి.

రేపు చెప్తానన్నాను. ఇంటికి పోయి భౌతికశాస్త్రం చెప్పే స్నేహితురాలికి ఫోన్ చేశాను. పోయిన ఏడే డీఎస్సీలో వచ్చిన పిల్ల, చదివింది ఇంకా మర్చిపోలేదు.

జనవరి 30

జవాబు దొరికింది. అది నాకూ కొత్తే.

వస్తువు ఎంత చిన్నదై, ఎంత గట్టిదైతే అంత వేగంగా వణుకుతుంది. గాజు గోటీ వణికితే సెకనుకు లక్షసార్లకు పైనే. మనిషి చెవికి సెకనుకు 20 నుంచి 20,000 దాకానే అందుతుంది. కాబట్టి గోటీ మోత ఉన్నా మనకు లేనట్టే. గబ్బిలాన్ని అడగాలి. మరి ఆ టక్ ఎక్కడిది?

పిల్లలకు ఆటోతో చెప్పాను. ములుగు రోడ్డు మీద కిక్కిరిసిన షేర్ ఆటో పోతోంది, లోపలివాళ్లు హాయిగా కూర్చున్నారు. డ్రైవరు ఒక్కసారిగా బ్రేకు వేశాడు. ఏమవుతుంది? "ముంగటోళ్ల మీద పడుతరు!" గోటీ చుట్టూ ఉన్న గాలి కూడా ఆటోలో జనం లాంటిదే. గోటీ దొర్లుతున్నంతసేపు దానికి దారిస్తూ మెల్లగా జరుగుతుంటుంది. ఇంకో గోటీ తగలగానే ఇది ఠక్కున ఆగుతుంది, లేదా వెనక్కి తన్నుకుంటుంది. తగిలి విడిపోవడానికి పట్టే సమయం సెకనులో పదివేలవ వంతు కూడా ఉండదు. అంత హఠాత్తుగా గోటీ ఆగితే గాలికి సర్దుకునే వ్యవధి లేదు. ఒక కుదుపు పుట్టి బయటికి పోతుంది. ఆ కుదుపే టక్. గోటీని వేళ్లతో బిగించి పట్టుకున్నా అది తగిలి ఆగేది ఆగుతూనే ఉంది కాబట్టి టక్ పోలేదు.

దీన్ని కొలిచినవాళ్లలో మన దేశం మనిషి ఉన్నాడు. కలకత్తాలో సుధాంశు కుమార్ బెనర్జీ అనే యువ శాస్త్రవేత్త 1916లోనే, బంతులు ఢీకొన్నప్పుడు గాలిలో పుట్టే తరంగాల మీద పరిశోధన పత్రం ప్రచురించాడు. రెండు బంతులు ఎదురెదురుగా వచ్చే గీత మీద నిలబడితే ఆ టక్ గట్టిగా వినిపిస్తుందని, పక్కలకు జరిగితే తగ్గుతుందని ఆయన కొలిచి చూపించాడు. ఆయనే తర్వాత మన వాతావరణ శాఖకు అధిపతి అయిన మొదటి భారతీయుడు. మేమూ చెవులు ఆ వైపు, ఈ వైపు పెట్టి విన్నాం. పదకొండు మంది తేడా ఉందన్నారు, ఎనిమిది మంది లేదన్నారు. కిటికీ బయట ట్రాక్టర్ ఆగి ఉంది, దాని ఇంజను మోత ముందు ఏది వినిపించిందో నేనైతే చెప్పలేను.

కానీ బోర్డు మీది మాటలకు ఇప్పుడు అర్థం వచ్చింది. "ఠంగ్"లో రెండు ముక్కలున్నాయి. ముందు "ఠ", అది తగిలిన క్షణం, గాలికి తగిలిన కుదుపు. తర్వాత "ంగ్", అది తగిలిన తర్వాత వస్తువు వణుకుతూ చేసే మోత. గోటీకి మొదటిదే వినిపిస్తుంది. ప్లేటుకు రెండూ ఉన్నాయి. చెప్పుకు ఠ కూడా సగమే, మెత్తగా ఉంది కాబట్టి. ఇది చెప్పగానే గొంతు పోయిన గంట గురించి అడిగిన పిల్ల అంది: "అయితే మన బెల్లుకు ఠ ఉంది, ంగ్ పోయింది."

నేను నాలుగు రోజులు తంటాలు పడి తెలుసుకున్నదాన్ని ఆ పిల్ల గంట దాకా తీసుకుపోయి పెట్టింది. గోటీల పిల్లవాడితో నీ మాటే నిజం అన్నాను. వాడు పెద్దగా ఆశ్చర్యపోలేదు.

చివర్లో బతుకమ్మ చప్పట్లు కొట్టించాను. చేతుల్లో మోగే లోహం ఏమీ లేదు, అరచేతుల మధ్య నలిగిన గాలే చప్పుడు. అరచేతులు చదునుగా పెడితే చట్, దొప్పలా వంచితే బొద్దుగా ఠొప్. ఆడపిల్లలకు ఇది పాఠం కానే కాదు, ఏ పాటకు ఏ చప్పట్టు పడాలో వాళ్లే నాకు చెప్పారు.

ఫిబ్రవరి 1

ఆ కుదుపు గాలిలో ఎలా వస్తుందో చెప్పడానికి మేడారం జాతర పనికొచ్చింది. గద్దెల దగ్గర తోపులాటలో వెనక ఎవరో తోస్తే ఆ తోపు ముందు దాకా వస్తుంది, తోసినవాడు మాత్రం వెనకే ఉంటాడు. మనిషి కదలడు, తోపు కదులుతుంది. పిల్లలను వరుసగా నిలబెట్టి చివరి పిల్లవాడి భుజం మీద మెల్లగా తట్టమన్నాను. మూడోసారికి అది మెల్లగా తట్టడంలా లేదు. ఆపేశాను.

తోపు రావడానికి సమయం పడుతుందని చూడటానికి చెరువు కట్ట మీదికి పోయాం. నేను చిన్నప్పుడు చూసి మర్చిపోయిన సంగతి ఇది. అవతలి ఒడ్డున తాత ఒకాయన బండ మీద బట్టలు ఉతుకుతున్నాడు. ఫోన్ మ్యాప్‌లో దూరం కొలిస్తే దగ్గరదగ్గర 170 మీటర్లు. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి ఇక్కడికి రావడానికి అర సెకను. తాత ఉతికే ఊపు సెకనుకు ఒక దెబ్బ. ఏం కనిపించిందంటే, బట్ట బండ మీద పడినప్పుడు నిశ్శబ్దం, పైకి లేచినప్పుడు దెబ్బ చప్పుడు!

"తాత గాలిని ఉతుకుతుండు!"

పిల్లలు కట్ట మీద దొర్లి నవ్వారు. తాతకు మా గోల అర్థం కాక ఆపేసి చూశాడు. చివరి దెబ్బ చప్పుడు ఆయన చేతులు ఆగిన తర్వాత వచ్చింది. "ఆగకు తాతా, కొట్టు, కొట్టు" అని అరుపులు. ఈ ప్రాజెక్టు మొత్తంలో ఖర్చు లేకుండా, పొరపాటు లేకుండా కుదిరింది ఇదొక్కటే.

ఫిబ్రవరి 4

కంచు మోగినట్టు కనకం మోగుతుందా అని మనవాళ్లు మనుషుల మాటతీరు గురించి అంటారు. లోహాల గురించి కూడా అది నిజమో కాదో చూడాలని ఐదో తరగతి పట్టుబట్టింది.

కంచు సులువే. ఒకరింట్లో పాత కంచు గిన్నె ఉంది. రాగిలో తగరం కలిపితే కంచు. గంటలు పోసేవాళ్లు నాలుగు పాళ్ల రాగికి దాదాపు ఒక పాలు తగరం కలుపుతారు. ఆ మిశ్రమం గట్టిగా, పెళుసుగా ఉంటుంది. వణుకు మొదలైతే దాన్ని తనలో తాను మింగేసుకోదు, చాలాసేపు నిలుపుకుంటుంది. జనగామ దాటి హైదరాబాద్ రోడ్డు మీద వచ్చే పెంబర్తిలో లోహంతో పని చేసే కుటుంబాలున్నాయి. అక్కడ కొన్న ఇత్తడి గంట మా ఇంట్లో ఉంది, ఇత్తడి అంటే రాగి, జింకు. దాన్నీ తీసుకుపోయాను. గిన్నె మోత గంట మోతను దాటిపోయింది. గంట కన్నా గిన్నె పెద్దది కదా టీచర్ అన్నారు. అదీ నిజమే, సరైన పోటీ కాదు.

కనకం దగ్గర వచ్చింది చిక్కు. "మీ ఉంగరం ఏసి సూద్దాం టీచర్." వేశాం. టిక్ అని ఎగిరి బీరువా కిందికి పోయింది. ఇరవై నిమిషాలు వెతికాం, చీపురుతో, స్కేలుతో, చివరికి బీరువా జరిపి. రెండు సుద్దముక్కలు, ఒక పాత హాజరు పట్టిక, ఉంగరం దొరికాయి. మెత్తటి లోహం వణుకును తొందరగా మింగుతుందని చెప్పాను. కానీ ఉంగరంతో అది రుజువు కాదు. కంచు గిన్నె అంత బంగారు గిన్నె ఉంటే తప్ప సరైన పోలిక కుదరదు. ఇప్పుడున్న తులం ధరలో ఆ ప్రయోగం ఏ బడీ చేయలేదు.

రామప్పకు పోదాం టీచర్, అక్కడ బొమ్మను కొడితే సరిగమలు వస్తాయట అని ఒకరు. అక్కడ ఒక శిల్పం అలా పలుకుతుందని గైడ్లు చెబుతారు, నేనూ విన్నాను. కానీ అది 1213 నాటి గుడి. వచ్చినవాళ్లందరూ వేలితో కొడుతూ పోతే రాయి ఎన్నాళ్లుంటుంది? గుడికి పోదాం, కొట్టడానికి మాత్రం కాదు అన్నాను.

ఫిబ్రవరి 7

గాజు సీసాల్లో నీళ్లు పోసి సరిగమలు చేద్దామని ఒక జట్టు. చెంచాతో కొడితే నీళ్లు ఎక్కువున్న సీసా లావుగా పలికింది. అదే సీసా మూతి మీద ఊదితే సన్నగా పలికింది. తలకిందులైంది. కొట్టినప్పుడు వణికేది గాజు, నీళ్లు దానికి బరువు. ఊదినప్పుడు వణికేది లోపలి గాలి, నీళ్లు పెరిగితే దానికి చోటు తక్కువ. స, రి, గ దాకా వచ్చి ఆగింది. మ దగ్గర సీసా పగిలింది. చేతులు కోసుకోకుండా ఊడ్చి, సీసాల పని బంద్ చేశాను.

ఫిబ్రవరి 11

ఈరోజు బయటివాళ్లు వచ్చారు.

నాలుగో తరగతి పిల్లవాడి నాన్న డప్పు కొడతాడు. పిలిస్తే మొదట మొహమాటపడ్డాడు, బడిలో డప్పేంది టీచరమ్మా అని. వచ్చి కొట్టాడు. పొద్దుటి చల్లదనానికి తోలు మెత్తబడి "డబ డబ" అంది. ఎండు గడ్డి మంట వేసి డప్పును తిప్పి తిప్పి కాచాడు. తోలులో తేమ పోయి బిగుసుకుంది. ఈసారి ఖణఖణమని కంచులా పలికింది. బిగువు పెరిగితే తోలు తొందర తొందరగా వణుకుతుంది, అప్పుడు గొంతు సన్నబడుతుంది. కుడిచేతిలో పొట్టి సిర్ర, ఎడమచేతిలో పొడుగాటి సిటికెన పుల్ల. ఒకే తోలు మీద రెండు పుల్లలకు రెండు గొంతులు. సైన్స్ దినోత్సవం ఎవరి పేరు మీద జరుపుకుంటామో ఆ రామన్ కూడా మృదంగం, తబలా మోత మీద పరిశోధన చేసి 1920లో పత్రం రాశాడని చెప్పాను. డప్పు కొట్టే ఆయన విని, "డప్పు మీద రాయలేదా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గాని నా దగ్గర జవాబు లేదు.

ఎండలు ముదురుతున్నాయి, సంతలో రంజన్లు, అంటే చల్లనీళ్ల మట్టి కుండలు, వచ్చేశాయి. ఒక పిల్ల నానమ్మ రెండు కుండలు పట్టుకొచ్చింది, ఒకటి మంచిది, ఒకటి సన్నటి బీట ఉన్నది. వేలి మడతతో కొడితే మంచిది టంగుమంది, బీటది బొద్దున డబ్బుమంది. కంటికి బీట ఎక్కడుందో నాకు కనిపించలేదు, ఆవిడ చెవికి మాత్రం తెలిసిపోయింది. వణుకు కుండ చుట్టూ తిరిగేటప్పుడు బీట దగ్గర అంచులు రెండూ ఒకదానికొకటి రాసుకుని దాన్ని తినేస్తాయి. కాజీపేటలో రైల్వేలో చేసి రిటైరైన తాత ఒకాయన ఇది విని, తమ రోజుల్లో ఆగిన రైలు చక్రాలను సుత్తెతో కొట్టుకుంటూ పోయేవారని చెప్పాడు. మోగితే చక్రం మంచిది. డబ్బుమంటే పగులు ఉన్నట్టు అనుమానం, ఆ పెట్టె ముందుకు పోదు.

తరగతిలో ఒక్కసారిగా భయం. మన బెల్లు పగిలిందా?

డిసెంబరులో కిందపడింది కదా. ఇది నాకు తట్టలేదు. పగిలితే ఎలా కట్టినా మోగదు. ఆ రాత్రి నాకు నిజంగానే టెన్షన్.

ఫిబ్రవరి 15

పగులా, కట్టుడా? తేల్చడానికి వెల్డింగ్ షాపు నుంచి 60 సెంటీమీటర్ల ఇనుప పట్టీ ఒకటి అడిగి తెచ్చాను. ఎక్కడ పట్టుకుంటే మోగుతుంది, ఎక్కడ పట్టుకుంటే మూగబోతుంది? రెండు స్పాంజి ముక్కల మీద పెట్టి, పైన ఉప్పు చల్లి, మధ్యలో మెల్లగా కొడుతూ పోయాం. ఉప్పు రవ్వలు ఎగిరెగిరి రెండు చోట్ల గీతల్లా చేరాయి. స్కేలు పెడితే ఒక కొన నుంచి 13 సెంటీమీటర్లు, ఇంకో కొన నుంచి 14. పుస్తకం లెక్క ప్రకారం పొడవులో నూటికి ఇరవైరెండు వంతుల దగ్గర, అంటే 13 దాటి కాస్త. పట్టీ వణుకుతున్నప్పుడు దాదాపు కదలని చోట్లు అవే. కదిలే చోట ఉప్పును నిలవనివ్వదు, కదలని చోటికి నెట్టేస్తుంది.

ఆ గీతల దగ్గర దారాలు కట్టి వేలాడదీస్తే పట్టీ చాలాసేపు మోగింది. మధ్యలో రెండు వేళ్లతో పట్టుకుంటే ఠక్, అంతే. అదే పట్టీని స్తంభానికి ఆనించి వైరుతో బిగించాం. డబ్. అచ్చం మా బడి గంటే.

అందరూ నా వైపు చూశారు. ఎవరు కట్టించారో వాళ్లకు తెలుసు.

ఫిబ్రవరి 20

గంట విప్పాం. ఈ పట్టాలు మీటరుకు 52 కిలోలు ఉంటాయని రైల్వే తాత చెప్పాడు, లెక్కేస్తే అడుగు ముక్క 15 కిలోలు దాటుతుంది. పిల్లలను దూరంగా కూర్చోబెట్టి డప్పు కొట్టే ఆయన, తాత ఇద్దరూ దించారు. ఇనుప పట్టీలా ఇది సన్నంగా పొడుగ్గా లేదు, పొట్టిది, లావుది. ఉప్పు లెక్క దీనికి అలాగే సరిపోదు. అందుకని ఏ స్తంభాన్నీ, గోడనూ తాకకుండా, ఉన్న రంధ్రంలోంచి గొలుసుతో దూలానికి వదులుగా వేలాడదీశాం. పడుతుందన్న నా భయానికి మందుగా ఇంకో గొలుసు వదులుగా పక్కన వేశాం. మొదటిది తెగినా అది పట్టుకుంటుంది, తెగనంతవరకు మోతకు అడ్డం రాదు.

కొట్టే హక్కు ఎవరిదని గొడవ. చివరికి జనవరిలో నేను నిలబెట్టిన ఇద్దరికీ ఇచ్చాను. వాళ్లకు సారీ కూడా చెప్పాను, తరగతి ముందే. వాళ్లు సారీని పట్టించుకోలేదు, ఇనుప రాడ్డు కోసం చేయి చాపారు.

ఠంగ్. పగుళ్లు లేవు. వంటామె గరిటె పట్టుకునే బయటికి వచ్చింది. ఒకడు స్టాప్‌వాచ్ పట్టుకుని పదకొండు సెకన్లు అన్నాడు, ఇంకొకడు పదమూడు అన్నాడు. ఎక్కడ ఆగిందనేది ఎవరి చెవికి వారిదే.

ఫిబ్రవరి 28

తల్లిదండ్రులు వచ్చారు, అనుకున్నదానికన్నా ఎక్కువమందే. గంటె దగ్గర పెద్ద వరుస. పిల్లలకన్నా అమ్మలే ఎక్కువసేపు చెవుల్లో వేళ్లు పెట్టుకుని నిలబడ్డారు. గోటీల పిల్లవాడు తన బల్ల దగ్గర షేర్ ఆటో కథ చెబుతూ, బ్రేకు వేసినప్పుడల్లా పక్కవాడి మీద పడుతున్నాడు. బంగారం బల్ల పెట్టలేదు. బోర్డు మీద ఠ, ంగ్ రెండు వరుసలూ అలాగే ఉంచాం. ఊళ్లోవాళ్లు వాటికింద తమ మాటలు రాసిపోయారు. కల్లు గీసే ఆయన ఒకాయన "లొట్టి పగిలితె ఫట్" అని రాశాడు.

రెండో పూట గంట కొట్టాక ఒకడు పావుగంట ఆలస్యంగా వచ్చాడు, మోకాళ్ల దాకా బురద. బెల్లు వినపడలేదా అన్నాను.

"ఇనవడ్డది టీచర్. గని చేపలు వడుతున్నయి."

లోపలికి రమ్మన్నాను.